నిష్కామసేవ – కుశలవార్త

కర్మ చేయుటయందే మానవునికి అధికారం కలదని, దాని ఫలమునందు లేదని గీతాచార్యుడు చేసిన ఉపదేశం తెలుగునాట అక్షరాలు దిద్దిన ప్రతివారి చెవినీ ఏదో ఒక రూపంలో పడినదే. ఆ మాటను కాదనేవారు అరుదు. దానిని ఎక్కడ, ఏ మేరకు అన్వయించుకోవాలో తెలిసినవారు అంతకంటె అరుదు. పొలం దున్నేవానికీ, పాఠం చెప్పేవానికీ, అర్చన చేసేవానికీ అన్వయించి చూపిన వ్యాఖ్యానాలు ఎన్నో ఉన్నవి. ఆసుపత్రి గుండెజబ్బుల విభాగంలో పనిచేసే వైద్యునికీ, నర్సుకూ, ఇ.సి.జి. తీసే ఉద్యోగికీ, స్ట్రెచరు తోసే సేవకునికీ అన్వయించబోతే మాత్రం ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. తమ చేతిమీదుగా బ్రతికి వెళ్లిన ప్రాణి తరువాత ఏమైనదో తెలుసుకోగోరడం ఫలాపేక్ష అవుతుందా? ఆ క్షేమసమాచారాన్ని వారికి చేరవేసి, వారి సేవను మెచ్చుకొని, ఉత్సాహపరచడం వారికి మేలా, లేక వారి నిష్కామబుద్ధికి తెగులు పట్టించడమా?

పట్టణాలలో ఈ ప్రశ్నకు అంత పదును ఉండదు. అక్కడి రోగి నెలకొకసారి తానే వచ్చి కనబడతాడు. రాకపోతే అతని ఇరుగుపొరుగువారు వస్తారు. తూర్పు కనుమలలో, అరకులోయ చుట్టూ పరచుకొన్న కొండలలో మాత్రం ఇది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున, విశాఖపట్టణానికి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న అరకును యాత్రికుడు చూచే చూపు వేరు. అతనికి కాఫీతోటలు, బొర్రా గుహలు, శీతకాలంలో పసుపుపచ్చని వలిసె పూలు కనబడతాయి. కొండవాలున పది ఇళ్ల గూడెంలో ఉండే తల్లి చూపు వేరు. జ్వరపడిన బిడ్డను రోడ్డు దాకా ఎట్లా దించాలి అన్నదే ఆమె కొలిచే దూరం. వెదురుగడకు దుప్పటి కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోస్తూ గెడ్డలు దాటించే డోలీ నేటికీ ఆ కొండలలో కనబడుతూనే ఉన్నది. 2005లో 108 వాహనాలు వచ్చినవి. రోడ్డు లేని చోట్లకు మోటారుసైకిలు మీద అమర్చిన చిన్న అంబులెన్సులు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. 2024లో పాడేరులోనే వైద్యకళాశాల ప్రారంభమైనది. ఇవన్నీ శుభవార్తలే. అయినా ఆఖరి రెండు మైళ్లు చాలాచోట్ల మనిషి భుజం మీదనే సాగుతున్నవి.

గుండెజబ్బు అనగానే సంపన్నుల వ్యాధి అని, తిండి ఎక్కువై వచ్చేదని అనుకోవడం పరిపాటి. పేదవాని గుండెను చిన్ననాడే పట్టే వ్యాధి వేరొకటి ఉన్నది. అది గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి ఐదు మొదలు పదునైదేండ్ల లోపు పిల్లల గొంతులో చేరుతుంది. నాలుగురోజులలో నొప్పి తగ్గిపోతుంది, తల్లి మరచిపోతుంది. రెండు మూడు వారాలు గడచిన తరువాత ఆ సూక్ష్మజీవితో పోరాడటానికి దేహం సిద్ధంచేసుకొన్న రక్షకబలమే దారితప్పి, కొందరు పిల్లలలో స్వదేహం మీదికి తిరుగుతుంది. మోకాలు వాస్తుంది, అది తగ్గేసరికి మడమ వాస్తుంది, పిమ్మట మోచేయి. కీళ్లు మళ్లీ మామూలవుతాయి గాని, గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మానదు. జ్వరం తిరగబెట్టినకొద్దీ కవాటం మందమై, అంచులు అతుక్కొని, ఇరుకవుతుంది. పిల్ల పెద్దదై, నీళ్లకుండ ఎత్తుకొని గట్టు ఎక్కుతూ ఆయాసపడినప్పుడో, తొలిచూలు కడుపుతో ఉండి ఊపిరాడనప్పుడో ఈ సంగతి బయటపడుతుంది. వైద్యులు దీనిని రుమాటిక్ హృద్రోగం అంటారు. ఇరుకుగదిలో పదిమంది పడుకొనే ఇల్లు, పేదరికం, వైద్యం అందనంత దూరం – ఈ మూడూ ఉన్నచోట ఇది పాతుకొంటుంది. అరకు కొండలలో మూడింటికీ కొరత లేదు. ప్రపంచ ఆరోగ్య సభ 2018లో ఈ వ్యాధి నిర్మూలన గురించి ప్రత్యేకంగా తీర్మానం చేయవలసి వచ్చినదంటే, లోకం దీనిని ఎంతకాలం మరచి ఉన్నదో ఊహించుకోవచ్చును.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో కనుగొన్న పెన్సిలిన్‌కు చెందినదే. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లకు బెంజథైన్ పెన్సిలిన్ సూదిమందును మూడువారాలకొకసారి తప్పక ఇస్తూ ఉంటే జ్వరం తిరగబెట్టదు. కవాటం మరింత చెడదు. ఎంతకాలం ఇవ్వాలి? గుండెకు దెబ్బ తగిలినట్లయితే కనీసం పది సంవత్సరాలు, లేదా ఇరవైయొక్క ఏండ్లు నిండేవరకు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు; దెబ్బ తీవ్రమైతే ఇంకా ఎక్కువకాలం. ఏడాదికి పదిహేడు సూదులు. పదేండ్లకు నూటడెబ్బై పైచిలుకు. అది నొప్పి పెట్టే సూది. పిల్లకు ఆనాడు ఏ బాధా ఉండదు. బాధలేని పిల్లను నొప్పించే సూది కోసం చోడి చేను కోతరోజున పని మానుకొని కొండదిగి తీసుకొని రమ్మని తల్లికి నచ్చజెప్పాలి. అదికూడా కువి భాషలోనో, ఆదివాసీ ఒరియాలోనో చెప్పాలి. సూదిమందు వికటిస్తుందేమో అన్న భయం ఇచ్చేవారికి సైతం ఉంటుంది. ఇదంతా చేసేది ఉపకేంద్రంలోని నర్సమ్మ. ఆమె పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు.

కవాటం అప్పటికే ఇరుకైపోతే పిల్ల విశాఖకు దిగవలసిందే. 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రి కొండప్రజలకు తరతరాలుగా పెద్దదిక్కు. కాలి సిరగుండా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, దాని కొసనున్న బుడగను ఉబ్బించి, అతుక్కొన్న కవాటాన్ని విప్పే పద్ధతి జపాను వైద్యుడు కాంజీ ఇనోవే కనుగొన్నది. 1984లో ఆయన దానిని వైద్యలోకానికి వెల్లడించాడు. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గాన్ని 1960వ దశకంలో వేసినది బైలదిల్లా ఇనుపఖనిజాన్ని జపానుకు పంపడం కోసమే. ఇనుము వెళ్లిన దేశం నుండి ఈ బుడగ వచ్చినది. బేరంలో నష్టపోయినవారెవరని లెక్క కట్టనక్కరలేదు గాని, ఆ రైలు దిగివచ్చే ఆడపిల్లలలో కొందరికి ఈ రెండవ సరుకు ప్రాణం పోసినది.

బుడగకు లొంగని కవాటాన్ని శస్త్రచికిత్స చేసి మార్చాలి. పేదలకు ఈ ఖర్చు ఒకనాడు తలచుకోదగినది కాదు. పుట్టపర్తిలో 1991 నవంబరులో ప్రారంభమైన ఆసుపత్రి హృదయచికిత్సను ఉచితంగా ఇవ్వడం, 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలుకావడం, పుట్టుకతో గుండెలోపమున్న పసివారికోసం తిరుపతిలో 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం వెలయడం – ఈ మూడూ ఆ గోడను చాలవరకు కూల్చినవి. గుండెపోటు విషయంలోనూ 2023లో రాష్ట్రం స్టెమీ అనే కార్యక్రమాన్ని చేపట్టినది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని క్షణాలలో పెద్ద ఆసుపత్రిలోని నిపుణునికి పంపుతారు. ఆయన చెప్పిన మీదట, నెత్తురుగడ్డను కరిగించే ఖరీదైన సూదిమందును అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. ఘాటురోడ్డు వంపులలో కరిగిపోయే గంటలను ఇది మిగుల్చుతుంది. గుండెకండరం ఆ గంటలలోనే చచ్చిపోతుంది గనుక ఇది చిన్న మాట కాదు.

ఇక అసలు ప్రశ్నకు రావలసి ఉన్నది. ఈ సేవ ఒక గొలుసు. గూడెంలో ఆయాసాన్ని గుర్తించిన ఆశా కార్యకర్త, డోలీ మోసిన బంధువులు, వాహనం నడిపిన డ్రైవరు, సవ్వడి విని అనుమానించిన చిన్న వైద్యుడు, ఎకో తీసినవారు, శస్త్రవైద్యుడు, రాత్రంతా కనిపెట్టుకొని కూర్చున్న నర్సు – ఇందరి చేతులమీదుగా ఒక ప్రాణం కొండ దిగుతుంది. రోగి దిగిన దారిన కబురు తిరిగి ఎక్కదు. పంపిన నర్సమ్మకు ఆ పిల్ల చేరినదో లేదో తెలియదు. చికిత్స ముగిసి పిల్ల కొండెక్కిన తరువాత శస్త్రవైద్యునికి ఏమీ తెలియదు. లోహపు కవాటం అమర్చినవారు జీవితాంతం నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలు మింగాలి. మోతాదు సరిపోయినదో లేదో చూడటానికి మాటిమాటికి రక్తపరీక్ష కావాలి. తక్కువైతే కవాటంలో గడ్డ కడుతుంది. ఎక్కువైతే నెత్తురు కారుతుంది. ఆరునెలలపాటు ఆ మనిషి కనబడలేదంటే అర్థమేమి? బాగున్నది గనుక రాలేదా? లేక లేదు గనుక రాలేదా? మౌనానికి ఈ రెండు అర్థాలూ సమానంగానే పొసగుతాయి.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డుతగిలి, కర్మ చేసి చేతులు కడుగుకోవడమే గదా ధర్మం, తరువాతి సంగతి భగవంతునిది అనవచ్చును. వినడానికి ఇది భక్తివలెనే ఉన్నది. నిదానించి చూస్తే ఇది కర్మను మధ్యలో త్రుంచి, త్రుంచినచోట వైరాగ్యమని పేరు వ్రాయడం. మాత్రల మోతాదు సరిచూడటం చికిత్సలో భాగమైనప్పుడు, రోగి ఎట్లా ఉన్నాడని విచారించడం ఫలాన్ని ఆశించడం ఎట్లా అవుతుంది? నాటు వేసిన రైతు చేనుగట్టు మీదికి వెళ్లి చూస్తాడు. పంట చూచి మురియడానికే వెళ్లేవాడు ఒకడు. నీరు నిలిచినదా, తెగులు సోకినదా అని చూడటానికి వెళ్లేవాడు ఒకడు. రెండవవానిని ఫలాపేక్షి అని నిందించే శాస్త్రం ఏదీ లేదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. గీతాచార్యుడు కర్మయోగికి విధించినది సిద్ధి, అసిద్ధులయందు సమబుద్ధి. సిద్ధి కలిగినదో అసిద్ధి కలిగినదో తెలిసినవానికి గదా వాటియందు సమత్వం! తెలియనివాని నిశ్చింతను సమత్వం అనరాదు. అది కేవలం తెలియకపోవడమే. వార్తను దూరం పెట్టి సేవకుని కాపాడుతున్నామనుకొనేవారు అతనికి అభ్యాసం చేయవలసిన పాఠమే లేకుండా చేస్తున్నారు.

దీనినిబట్టి చూస్తే చెడువార్త సైతం చెప్పవలసిందే అని తేలుతుంది. కష్టమంతా ఇక్కడే ఉన్నది. ఆసుపత్రులలో సభలు జరిపి, బ్రతికినవారిని వేదికమీద కూర్చోబెట్టి, వైద్యులకు శాలువాలు కప్పడం ఇప్పుడు పరిపాటి అయినది. అందులో తప్పు పట్టవలసినది లేదు గాని, అది సగం కబురు. మంచివార్త ఒక్కటే ఎప్పుడూ చెవిని పడుతూ ఉంటే అది పొగడ్త అవుతుంది. పొగడ్తకు అలవాటుపడినవాడు కష్టమైన రోగిని ముట్టుకోవడానికే వెనుకాడతాడు. నాలుగేండ్లపాటు సూదిమందు ఇచ్చిన పిల్ల, ఐదవయేట రావడం మానేసి, ఒకానొక వర్షాకాలంలో ఊపిరాడక మరణించినదనుకొందాం. ఆ సంగతి నర్సమ్మకు చెప్పాలా? చెబితే ఆమె రాత్రులు నిద్రపోదు. మరొక పిల్ల తల్లికి నచ్చజెప్పేటప్పుడు ఆమె గొంతు తడబడుతుంది. చెప్పకపోతే, ఆమె పట్టికలో గైర్హాజరు అని వ్రాసి ఉన్న ఇంకొక నలుగురు పిల్లల ఇళ్లకు ఆమె వెళ్లదు. నలుగురి ప్రాణం ఒకరి నిద్రకంటె బరువైనది గనుక చెప్పడమే ధర్మం. అయితే ఆ కబురు మోసుకొని వచ్చినవాడు చెప్పి లేచిపోరాదు. తప్పెవరిదని కాగితం తీయరాదు. ఆ నాలుగేండ్లలో ఆమె ఇచ్చిన అరవై ఎనిమిది సూదులు ఆ పిల్లకు నాలుగేండ్ల ఆయువును కాపాడి ఉండవచ్చునని కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఓదార్పు మాత్రమే కాదు, వైద్యశాస్త్రం ఒప్పే సత్యం.

రామాయణంలో సీతాన్వేషణ కథ ఈ సందర్భంలో తలపుకు వస్తుంది. సుగ్రీవుడు నాలుగు దిక్కులకు వానరులను పంపాడు. తూర్పుకు వినతుడు, పడమరకు సుషేణుడు, ఉత్తరానికి శతబలి వెళ్లారు. ముగ్గురూ గడువులోపల కొండలు, గుహలు, అడవులు గాలించి, ఏమీ కానక తిరిగి వచ్చారు. పురాణం చెప్పేవారు వీరిని ఒక్క వాక్యంలో దాటవేసి దక్షిణదిక్కుకు పోతారు. నిజానికి హనుమంతుడు పడిన శ్రమ, వారు పడిన శ్రమ అన్వేషణ అనే ఒకే కర్మలో భాగాలు. వారు తిరిగివచ్చి, లేదు అని చెప్పినదీ వార్తయే. సుగ్రీవుడు దానిని విన్నాడు. దక్షిణానికి వెళ్లినవారి అవస్థ వేరు. గడువు దాటిపోయినది, కబురు లేదు. ఏమని తిరిగి వెళ్లగలమని అంగదాదులు ప్రాయోపవేశానికి సిద్ధపడ్డారు. శత్రువు ఎవ్వరూ వారిని కొట్టలేదు; వారిని నేలమీద కూర్చోబెట్టినది వార్త లేకపోవడమే. సంపాతి వచ్చి చెప్పిన నాలుగు మాటలే వారిని లేపినవి. ఆ పిదప సముద్రం ఒడ్డున జాంబవంతుడు హనుమంతునితో మాట్లాడినది పొగడ్తా? కాదు. ఉన్న బలాన్ని మరచినవానికి ఉన్నది ఉన్నట్లు గుర్తుచేశాడు. పని ముగించివచ్చిన హనుమంతునికి శ్రీరాముడు ఏమిచ్చాడు? ఇంత ప్రియవార్త తెచ్చినవానికి తగినది ఇవ్వలేకపోతున్నానని నొచ్చుకొని కౌగిలించుకొన్నాడు. నిష్కామకర్మకు నిలువెత్తు రూపమైన హనుమంతుడు ఆ కౌగిలిని వద్దనలేదు.

వార్త ఆసుపత్రివారికే కాదు, డోలీ మోసినవారికీ కావాలి. మోసుకొని వెళ్లిన మనిషి నాలుగురోజులకు శవమై తిరిగివస్తే, ఎందుకు మరణించినదో వారి భాషలో ఎవరూ చెప్పకపోతే, గూడెం తన అర్థం తాను చెప్పుకొంటుంది: కిందికి తీసుకుపోతే చస్తారు. ఆ మరుసటి రోగి ఇంటివద్దనే ఉండిపోతాడు. కొండలలో దిసారి మాటకు ఇంత బలం ఎక్కడిదని చదువుకొన్నవారు ఆశ్చర్యపడుతుంటారు. అతని మందు సంగతి ఎట్లా ఉన్నా, అతడు అదే గూడెంలో ఉంటాడు. రోగిని మరునాడు చూస్తాడు, నెల తరువాత చూస్తాడు, సంతలో చూస్తాడు. తాను చూచిన రోగి ఏమైనాడో తెలియని దిసారి ఉండడు. పట్టణపు ఆసుపత్రి అతనిని వెక్కిరించడానికి ముందు ఈ ఒక్క విషయంలో అతని వద్ద పాఠం చెప్పించుకోవచ్చును.

ఇంతకూ, ఏ వార్తా పుట్టని సేవ ఒకటి మిగిలి ఉన్నది. శస్త్రవైద్యుడు తాను బ్రతికించినవారిని ఎన్నడైనా కంటితో చూస్తాడు. నూటడెబ్బై సూదులు ఇచ్చిన నర్సమ్మకు చూపడానికి ఏమున్నది? రాని జ్వరాన్ని ఎవరూ చూడలేదు. చెడని కవాటానికి శస్త్రచికిత్స జరగలేదు గనుక ఫోటో లేదు. ఆ పిల్ల బడికి వెళుతున్నది, థింసా ఆటలో పదిమందితో చేయి కలుపుతున్నది, కాఫీ గింజలు కోస్తున్నది. అందరు పిల్లలూ చేసేదే చేస్తున్నది. ఏమీ జరగకపోవడమే ఇక్కడ ఫలం, దానికి సాక్షి లేడు. గీతలోని ఉపదేశం అక్షరాలా ఎవరికి వర్తిస్తుందని అడిగితే ముందు ఈమెనే చూపాలి. అట్లని ఆమెను ఒంటరిగా వదలివేయడం న్యాయం కాదు. విశాఖలో కవాటాలు విప్పే నిపుణుడు ఆమెకు ఒకమాట చెప్పగలడు: మీ మండలం నుండి ఈ ఏడు నావద్దకు తిరగబెట్టిన జ్వరంతో పిల్లలెవ్వరూ రాలేదు అని. అది ఆయన మాత్రమే ఇవ్వగల కబురు. దానికి ఆయన వెచ్చించవలసినది ఒక టెలిఫోను పిలుపు.

ఇవన్నీ పెద్ద ఏర్పాట్లు కోరే పనులు కావు. విడుదల కాగితాన్ని రోగి చేతికిచ్చి పంపుతారు. అది ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటివారు దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రేషను కార్డుతోపాటు వాసానికి చెక్కుతారు. నర్సమ్మ ఎప్పుడో ఆ ఇంటికి వెళ్లినప్పుడు వాసం నుండి ఆ సంచి తీసి, మడతలు విప్పి, కవాటం ఏ నాటికి విప్పారో, ఏ మాత్ర ఎంత వ్రాశారో చదువుకొంటుంది. ఆ కాగితం అడుగున కొండమీది ఉపకేంద్రానికి ఇది అని శీర్షిక పెట్టి, మీరు సకాలంలో పంపారు, ఇప్పుడు పిల్ల గట్టు ఎక్కగలదు, సూది ఆపకండి అని రెండు పంక్తులు తెలుగులో వ్రాయడానికి వార్డులోని నర్సుకు రెండు నిమిషాలు పడుతుంది. చదివిన నర్సమ్మ, అదే కాగితం వెనుకవైపున, వచ్చే సూది తేదీ వేసి, తల్లికి మరొకసారి చదివి వినిపించి, మళ్లీ వాసానికి చెక్కి వస్తుంది.